ఒంటికి రక్తం పడుతుంది

పందొమ్మిదేళ్లుగా ఒకటే మాట చెప్పాను.
కింది రెప్ప లాగి చూడటం,
తాటిముంజెలా తెల్లగా కనబడితే
"తోటకూర తినమ్మా, ఒంటికి రక్తం పడుతుంది" అనడం.
బుధవారం బుధవారం, టీకాల పెట్టె పక్కన పెట్టుకుని
ఏటిమెరక సబ్‌సెంటర్ అరుగు మీద
ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్లకి చెప్పానో
పాత రిజిస్టర్లు చెదలు తినకపోతే లెక్క తేలేది.

గోడ మీది బొమ్మలో పళ్లెం నిండా ఆకులు.
ఆ పళ్లేనికి ఊళ్లో నేనే హామీ.

లోవకుమారికి మాత్రం పట్టలేదు.
మూడో నెలలో తొమ్మిది.
అయిదో నెలలో ఎనిమిదిన్నర.
ఏడులో ఏడుంబావు.
"మాత్రలు చెరువులో పారేస్తున్నావా?" అని కసిరాను కూడా.
"మింగుతున్నానండీ. కూర రెండు పూటలా తింటున్నానండీ.
మా అత్త ఏరి మరీ తెస్తదండీ,
అచ్చియ్యమ్మ గారి మడిలోదే."

అచ్చియ్యమ్మ మడి కోడు గట్టు మీద.
గోదావరి నీళ్లు మాకు లాకులు దాటి వస్తాయి.
వేసవిలో కాలవలు కట్టేస్తే
చేలన్నీ నెర్రెలిచ్చి పడుంటాయి,
కోడు మాత్రం ఎండదు.
ఎగువన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డుంది,
దాని వెనక కుళాయిలకి మెరుగుపూత వేసే షెడ్డు.
రాత్రి పదకొండు దాటాక వదులుతారు.
పొద్దున్నకి నీళ్లు టీ రంగులో,
ఒక్కోరోజు నెమలికంఠం రంగులో.
అచ్చియ్యమ్మ బిందెతో ముంచి పోస్తుంది.
ఆకు అరచెయ్యంత, నిగనిగలాడుతూ.
పురుగు కూడా పట్టదు.
పురుగెందుకు పట్టదో
ఎవరం అడగలేదు.

పీజీ చదివే కుర్రాడొకడు
నాలుగు మొక్కలు వేళ్లతో సహా కవర్లో పట్టుకెళ్లి
రెండు నెలలకి ఒక కాగితం తెచ్చాడు.
సీసం. కాడ్మియం. క్రోమియం.
ఎదురుగా ఉన్న అంకె,
దాని పక్కన ఉండదగిన అంకె.
"కడిగితే?" అన్నాను.
"పైన అంటుకున్నది కాదండీ. వేరు తాగింది."
"బాగా ఉడికిస్తే?"
వాడు నవ్వలేదు. అప్పుడు భయం వేసింది.
చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:
"సీసం రక్తాన్ని పట్టనివ్వదండీ."

ఇనుము కోసం పంపాను నేను.
అంతమందిని,
వేలు పెట్టి చూపించి.

అచ్చియ్యమ్మకి చెబుదామనే వెళ్లాను.
అరటినారతో కట్టలు కడుతోంది.
కట్ట పది రూపాయలు, నాకు ఎప్పుడూ ఊరికే.
"తమరు చెప్పబట్టే కదమ్మా నా కూర మిగలట్లేదు"
అని నవ్వింది.
పైచిగురు అంచున, పళ్లని ఆనుకుని
నీలంగా సన్నటి గీత.
అడ్డచుట్ట మరక అనుకోడానికి
శాయశక్తులా ప్రయత్నించాను.
మిగిలిన ఆకు ఆవిడే తింటుంది మరి,
పారెయ్యడం చేతకాని మనిషి.
చెప్పాల్సింది గొంతులో పెట్టుకుని
కట్ట తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడది నా బండి కొక్కేనికి వేలాడుతోంది.
గేదెకి వెయ్యలేను, పాలల్లోకి వస్తుంది.
చెత్తలో వేస్తే కోళ్లు కెలుకుతాయి.
కాలిస్తే ఆకు కాలుతుంది, అంతే.
పాతిపెడదామంటే, మట్టిలోంచేగా వచ్చింది.
కాలవలో విసరనా?
దిగువ లాకుల దగ్గర నాలాంటిదే ఒకతి
ఎవరిదో రెప్ప లాగి చూస్తుంటుంది.

ఎండకి ఆకు వడిలిపోయింది.
లోపలున్నది వడలదు.

రేపు బుధవారం.
బొమ్మ తీసేశాను. పళ్లెమున్న చోట
గోడ కొత్తగా, తెల్లగా ఉంది.
లోవకుమారి వస్తుంది, ఎనిమిదో నెల.
బల్ల మీద కూర్చుని
నేను చెప్పకముందే, అలవాటుగా,
తనే రెప్ప కిందకి లాగి
నా వైపు చూస్తుంది.